ముజఫర్‌పుర్ పిల్లల జబ్బు: అంతుచిక్కని రోగానికి కారణం వెతికిన తీరు

ఉత్తర బిహార్‌లో బూఢీ గండక్ ఒడ్డున ఉన్న ముజఫర్‌పుర్ లిచీ తోటలకు పెట్టింది పేరు. ఆ జిల్లాలోనూ చుట్టుపక్కలా 1995 నుంచి వేసవి చివర ఒక జబ్బు పిల్లల్ని పొట్టన పెట్టుకుంటూ వచ్చింది. మే నెల సగం గడిచాక మొదలవుతుంది, జూన్‌లో ముదురుతుంది, వానలు పడి లిచీ కోతలు ముగిశాక జూలైలో దానంతటదే ఆగిపోతుంది. జబ్బు తీరు కూడా దాదాపు ఒకటే. ముందురోజు సాయంత్రం దాకా ఆడుకున్న పిల్ల రాత్రి మామూలుగానే పడుకుంటుంది. తెల్లవారుజామున మూడు నుంచి ఎనిమిది గంటల లోపు కీచుమని అరుస్తుంది, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఫిట్స్ వస్తాయి, కాసేపటికి స్పృహ తప్పుతుంది. చాలామందికి ఒంట్లో జ్వరం ఉండదు. ఆసుపత్రిలో చేర్చినా ఒకటి రెండు రోజుల్లోపే ప్రాణం పోయినవాళ్లు ఎందరో. స్థానికులు దీన్ని చమ్కీ బుఖార్ అంటారు. దాదాపు రెండు దశాబ్దాల పాటు దీనికి కారణమేమిటో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. చివరికి అది తేలింది ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఎప్పుడు వచ్చింది, ముందురోజు ఏం జరిగింది అన్న లెక్కను ఓపికగా రాసుకోవడం వల్ల. ఆ లెక్క చూపించిన చోట వెతికింది కాబట్టే ప్రయోగశాలకు జవాబు దొరికింది. దొరికిన జవాబు కూడా ఒక్క దోషి పేరు చెప్పి ఊరుకునేది కాదు. కొన్ని పరిస్థితులు ఒకే రాత్రి ఒకే పసి ఒంట్లో కలిసినప్పుడే ఈ జబ్బు పుడుతుంది. ఈ సంగతి సరిగ్గా పట్టుకోకపోతే జబ్బు ఎందుకు తగ్గిందో, 2019లో మళ్లీ ఎందుకు విరుచుకుపడిందో రెండూ అర్థం కావు.

కారణం ఇంత ఆలస్యంగా తేలడానికి మొదటి అడ్డంకి జబ్బును లెక్కలో వేసిన ఖాతాయే. మన దేశంలో పిల్లలకు హఠాత్తుగా ఫిట్స్, మతి తప్పడం లాంటివి వస్తే వాటన్నిటినీ ఏఈఎస్ అనే ఒకే శీర్షిక కింద నమోదు చేస్తారు. తీవ్ర మెదడువాపు లక్షణాలు అని దాని అర్థం. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ కేసులు ఏవీ జారిపోకుండా ఉండాలని పెట్టిన నిఘా ఏర్పాటు అది, ఆ పనికి అది మంచిదే. కానీ ఒకసారి ఆ శీర్షిక కింద పడ్డాక ఏ జబ్బయినా మెదడువాపుగానే చలామణీ అవుతుంది, మెదడువాపు అంటే వైరస్ అన్న ఊహ వెనకాలే వస్తుంది. తూర్పు ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పుర్ ప్రాంతం దీనికి మంచి ఉదాహరణ. అక్కడ 2006 నుంచి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకాలు వేశాక కూడా వానాకాలంలో పిల్లలు చనిపోతూనే ఉన్నారు. తర్వాతి పరిశోధనల్లో వాళ్లలో పెద్ద భాగానికి వచ్చింది స్క్రబ్ టైఫస్ అని బయటపడింది. చిన్న నల్లుల లాంటి పురుగులు కుట్టడం వల్ల వచ్చే ఈ బాక్టీరియా జబ్బు మామూలు యాంటీబయాటిక్ మందులకే లొంగుతుంది. ముజఫర్‌పుర్ నుంచి గోరఖ్‌పుర్ పెద్ద దూరమేమీ కాదు. శీర్షిక ఒకటే అయినా ఒకచోట టీకాతో ఆగే వైరస్, దాని పక్కనే మందుకు లొంగే బాక్టీరియా, ఇంకొంచెం తూర్పున అసలు క్రిమే లేని జబ్బు ఉన్నాయి.

ఈ చిక్కు తెలుగువాళ్లకు కొత్త కాదు. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ వైపు, 329 మంది పిల్లలకు హఠాత్తుగా జ్వరం, ఫిట్స్, అపస్మారకం వచ్చాయి. వాళ్లలో 183 మంది, అంటే సగానికి పైగా, చనిపోయారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ చేసిన పరీక్షల్లో చండీపురా వైరస్ దొరికింది. 1965లో నాగపుర్ దగ్గరి చండీపురా గ్రామంలో మొదటిసారి కనుగొన్న ఈ వైరస్ ఇసుక ఈగల ద్వారా వ్యాపిస్తుంది. మట్టి గోడల పగుళ్లలో, పశువుల కొట్టాల పక్కన చేరే అతి చిన్న ఈగలవి. అయితే పిల్లల్ని స్వయంగా చూసిన హైదరాబాదు వైద్యుల్లో కొందరు ఇది వాపు కాదనీ, మెదడుకు రక్తం అందించే నాళం మూసుకుపోవడం వల్ల వచ్చిన పక్షవాతం లాంటిదనీ వాదించారు. ఆ చర్చ వైద్య పత్రికలకు ఎక్కింది. 2024లో గుజరాత్‌తో పాటు మరికొన్ని చోట్ల ఏఈఎస్ కేసులు పెద్ద సంఖ్యలో వచ్చాయి. ఆగస్టు సగానికి లెక్కకొచ్చిన 245 కేసుల్లో 64 చండీపురా అని తేలింది, 82 మంది చనిపోయారు. మిగిలిన కేసుల్లో ఏయే కారణాలున్నాయన్న ప్రశ్న అలాగే ఉంది. తెలంగాణ అనుభవంలో ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. అక్కడ జ్వరం ఉంది, వానాకాలం ఉంది, కుట్టే ఈగ ఉంది. వీటిలో ఏదీ ముజఫర్‌పుర్ చిత్రానికి పొసగదు. 2003 అనుభవాన్ని పట్టుకెళ్లి బిహార్ మీద రుద్దినా, బిహార్ అనుభవాన్ని తెచ్చి కరీంనగర్ మీద రుద్దినా పిల్లలకే నష్టం.

ముజఫర్‌పుర్‌లో లెక్క పద్ధతిగా మొదలైంది 2013లో. భారత జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం కలిసి ఆ ఏడాది ఊళ్లోని రెండు పెద్ద ఆసుపత్రుల్లో చేరిన పిల్లల్ని ఒక్కొక్కరిగా నమోదు చేశాయి. శ్రీకృష్ణ వైద్య కళాశాల ఆసుపత్రి ఒకటి, కేజ్రీవాల్ ఆసుపత్రి రెండోది. 133 మంది చేరితే 44 శాతం మంది చనిపోయారు. ఎక్కువమంది ఒకటి నుంచి ఐదేళ్ల లోపు వాళ్లు. సగానికి పైగా పిల్లలకు ఆసుపత్రికి వచ్చే సమయానికి జ్వరం లేదు. వెన్నులోంచి తీసిన నీటిలో, మెదడుకు క్రిమి సోకితే కనిపించాల్సిన తెల్ల కణాల పెరుగుదల చాలామందిలో కనిపించలేదు. ఇక ఊళ్ల లెక్క చూస్తే మరింత ఆశ్చర్యం కలుగుతుంది. కేసులు చెదురుమదురుగా, దాదాపు ఊరికొకటి చొప్పున ఉన్నాయి. ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పక్కపక్కన పడుకున్న అన్నదమ్ముల్లో ఒకరికి వస్తే రెండోవారికి రాలేదు. అంటురోగం ఇలా ప్రవర్తించదు. దోమ కుట్టినా, నీళ్లు కలుషితమైనా ఇంట్లో ఇంకొకరికీ, వీధిలో ఇంకో నలుగురికీ రావాలి. ఈ చిన్న పరిశీలనకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు, నమోదు పుస్తకమూ దాన్ని చదివే మనసూ చాలు. వైరస్ కోసం పరీక్షలు చేస్తూనే విషపదార్థం వైపు కూడా చూపు మళ్లించడానికి ఇది గట్టి ఆధారమైంది.

అసలు ఈ ఊహను మొదట బయటపెట్టింది స్థానికంగా పనిచేసినవాళ్లే. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఎన్నో ఏళ్లు వైరస్‌ల మీద పనిచేసిన టి. జాకబ్ జాన్, లక్నోలోని విష పదార్థాల పరిశోధన సంస్థకు చెందిన ముకుల్ దాస్, ముజఫర్‌పుర్ పిల్లల వైద్యుడు అరుణ్ షా కలిసి చేసిన పరిశీలనలో, ఇది మెదడువాపు కాదనీ, రక్తంలో గ్లూకోజు పడిపోవడం వల్ల మెదడు దెబ్బతినడమనీ, లిచీలోని పదార్థానికి ఇందులో పాత్ర ఉండవచ్చనీ 2014లో ప్రచురించారు. జాకబ్ జాన్ ఇలాంటి దారిలో అంతకుముందే నడిచినవారు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా వానలు వెనుకబట్టాక చిన్నపిల్లలకు వచ్చి ప్రాణం తీసే జబ్బును కూడా అందరూ మెదడువాపనే అనుకున్నారు. ఆయనా, అక్కడి పిల్లల వైద్యులూ కలిసి రోగుల్ని, ఆ జబ్బు లేని పిల్లలతో పోల్చి చూశారు. పొలం గట్ల మీద పెరిగే కసింద కాయల్లోని గింజల్ని పిల్లలు ఆటల్లో తినడమే కారణమై ఉండాలని 2007లో ప్రకటించారు. తెలుగు పల్లెల్లో కూడా రోడ్డు పక్క కనిపించే మొక్కే అది. ముజఫర్‌పుర్ ఫలితాలు పెద్ద పత్రికలో వచ్చాక ఘనత ఎవరిదన్న తగువు రేగింది. నా దృష్టిలో స్థానిక వైద్యుల పాత్రకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. అయితే ఊహ వేరు, దాన్ని కాదనడానికి అవకాశమిచ్చి పరీక్షించడం వేరు. ఆ రెండో పని 2014 వేసవిలో జరిగింది.

2014 మే 26 నుంచి జూలై 17 దాకా ఆ రెండు ఆసుపత్రుల్లో 390 మంది పిల్లలు చేరారు, 122 మంది చనిపోయారు. పరీక్ష చేసిన 327 మందిలో 204 మందికి ఆసుపత్రికి వచ్చేసరికి రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములు, లేదా అంతకంటే తక్కువ. పరిశోధకులు వీళ్లలో 104 మందిని తీసుకుని, వేరే జబ్బులతో ఆసుపత్రికి వచ్చిన అదే వయసు పిల్లలు 104 మందిని పక్కన పెట్టి, రెండు వైపులా తల్లిదండ్రుల్ని ఒకే ప్రశ్నలు అడిగారు. ఏం తిన్నాడు, ఎక్కడ ఆడాడు, ఏ నీళ్లు తాగాడు, రాత్రి అన్నం తిన్నాడా, తోటకు వెళ్లాడా అని. జబ్బు పడటానికి ముందు ఇరవైనాలుగు గంటల్లో లిచీ తిని ఉండటం రోగుల వైపు బాగా ఎక్కువ కనిపించింది. లెక్కల భాషలో, రెండు వైపుల్నీ పోల్చే ఆడ్స్ నిష్పత్తి 9.6. రాత్రి భోజనం చేయకపోవడం కూడా విడిగా 2.2 నిష్పత్తితో జబ్బుతో ముడిపడి ఉంది. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడు అసలు విషయం తెలిసింది. రాత్రి అన్నం తిన్న పిల్లల్లో లిచీకీ జబ్బుకీ ఉన్న సంబంధం 3.6, తినకుండా పడుకున్న పిల్లల్లో 7.8. ఖాళీ కడుపు లిచీ ప్రభావాన్ని రెట్టింపు చేస్తోందన్నమాట. ఈ అధ్యయనం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ ఒక్క పోలికే. పండు, ఆకలి అని విడివిడిగా రాసుకున్న రెండు గడుల్ని కలిపి చదవాలని అది చెబుతోంది.

లెక్క ఇక్కడిదాకా తెచ్చాక ప్రయోగశాల వంతు వచ్చింది. క్రిముల పరీక్షలూ, పురుగుమందుల పరీక్షలూ కారణాన్ని చూపలేదు. అప్పుడు వెతికింది హైపోగ్లైసిన్ ఎ, ఎంసీపీజీ అనే రెండు పదార్థాల ఆనవాళ్ల కోసం. వీటిని వెతకాలన్న ఆలోచనకు మూలం జమైకాలో ఉంది. అక్కడ పచ్చి అకీ పండు తిన్నవాళ్లకు వాంతులు, గ్లూకోజు పతనం, ఫిట్స్ వచ్చి చనిపోయే జబ్బు చాలాకాలంగా ఉంది. అకీలోంచి హైపోగ్లైసిన్‌ను 1950లలో వేరుచేశారు. లిచీ, అకీ, మన కుంకుడు చెట్టు అన్నీ ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి. లిచీ గింజలో ఎంసీపీజీ ఉందని 1962లోనే వృక్ష రసాయన శాస్త్రజ్ఞులు రాశారు. అంటే ఆధారం గ్రంథాలయంలో ఐదు దశాబ్దాలు పడి ఉంది. దాన్ని ముజఫర్‌పుర్ పిల్లలతో కలపడానికి తెల్లవారుజామున, జ్వరం లేకుండా, గ్లూకోజు పడిపోయి, కోతల కాలంలో అన్న వర్ణన కావలసి వచ్చింది. వెతికితే 73 మంది రోగుల మూత్రంలో 48 మందికి ఆ విషాల ఆనవాళ్లు దొరికాయి. పోలిక కోసం తీసుకున్న 15 మందిలో ఒక్కరికీ లేవు. 80 రక్త నమూనాల్లో 72లో కొవ్వు కరిగే ప్రక్రియ తీవ్రంగా చెడిందని చూపే మార్పులున్నాయి. ముజఫర్‌పుర్ తోటల నుంచి తెచ్చిన 36 లిచీల గుజ్జులోనూ రెండు పదార్థాలూ ఉన్నాయి. పండినవాటి కంటే పచ్చికాయల్లో మోతాదు ఎక్కువ. ఈ ఫలితాలు 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి.

విషం పనిచేసే తీరు తెలిస్తే తెల్లవారుజాము రహస్యం విడిపోతుంది. మనం తిన్న అన్నంలోని గ్లూకోజు కొంత కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. రాత్రి నిద్రలో మెదడుకు కావలసిన ఇంధనం ఆ నిల్వ నుంచే అందుతుంది. పిల్లల కాలేయం చిన్నది, మెదడు అవసరం మాత్రం ఒంటి బరువుతో పోలిస్తే పెద్దది. అందుకే వాళ్ల నిల్వ త్వరగా కరిగిపోతుంది. సరిగా తిండి లేక చిక్కిపోయిన పిల్లల్లో ఆ నిల్వ మొదటి నుంచీ తక్కువే. రాత్రి అన్నం లేకపోతే తెల్లారేలోపే అడుగంటుతుంది. అప్పుడు ఆరోగ్యవంతుల ఒళ్లు కొవ్వును కరిగించి, ఆ శక్తితో కొత్తగా గ్లూకోజు తయారు చేసుకుంటుంది. హైపోగ్లైసిన్, ఎంసీపీజీ సరిగ్గా ఈ రెండో దారినే మూసేస్తాయి. కొవ్వు కరగదు, సగం కరిగిన కొవ్వు ముక్కలు రక్తంలో పేరుకుంటాయి, గ్లూకోజు తయారీ ఆగుతుంది, మెదడు ఇంధనం లేక కొట్టుకుంటుంది. కొట్లో బియ్యం నిండుకున్న రోజే బజారుకు వెళ్లే దారి తెగిపోతే ఆ ఇంటికి ఏ గతి పడుతుందో, ఆ పసి మెదడుకూ అదే గతి. కడుపునిండా తిని పడుకున్న పిల్లకు కొవ్వు కరిగించే దారి మూసుకుపోయినా ఆ రాత్రికి దాని అవసరం రాదు. ఆకలితో పడుకుని లిచీ తినని పిల్లకు నిల్వ అయిపోయినా దారి తెరిచే ఉంటుంది.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది, తోటల రైతులూ లిచీ మీద పనిచేసే శాస్త్రవేత్తలూ అడిగేది ఇది. శతాబ్దాలుగా లక్షలమంది లిచీ తింటున్నారు, పట్నాలోనూ ఢిల్లీలోనూ పిల్లలు బుట్టల కొద్దీ తింటారు, వాళ్లకెవరికీ రాదేం? ప్రశ్న న్యాయమైనదే. కానీ ఒక్కటే కారణం ఉండి తీరాలనీ, అది ఎక్కడుంటే అక్కడ జబ్బు రావాలనీ అనుకున్నప్పుడే ఇది చిక్కు ప్రశ్న అవుతుంది. క్షయ క్రిమి ఒంట్లో చేరిన వాళ్లందరికీ క్షయ రాదు. అంతమాత్రాన క్షయకు ఆ క్రిమి కారణం కాదని ఎవరూ అనరు. ఢిల్లీ పిల్ల రాత్రి పప్పన్నం తిని పడుకుంటుంది, పండిన పండ్లు కొనుక్కుని తింటుంది. తోట పక్క గుడిసెలో ఉండే కూలీ బిడ్డ పగలంతా చెట్ల కింద రాలిన పచ్చికాయలూ పిందెలూ ఏరుకుని తింటుంది. కడుపు వాటితో నిండి ఉంటుంది కాబట్టి రాత్రి అన్నం అడగదు, అడిగినా ఇంట్లో ఉండకపోవచ్చు. ఒకే ఇంట్లో అన్నకు రాకుండా తమ్ముడికి వచ్చిందంటే, ఆ రాత్రి ఎవరు తిన్నారు, ఎవరు తినకుండానే నిద్రపోయారు, ఎవరి వయసెంత అన్నవాటితోనే తేడా పుట్టి ఉంటుంది. ఈ అభ్యంతరం లిచీని నిర్దోషి చేయదు, లిచీతో పాటు ఇంకేం ఉండాలో చెబుతుంది.

రెండో అభ్యంతరం పద్ధతి మీద. బిడ్డ ప్రాణాపాయంలో ఉన్న తల్లి ముందురోజు ఏం జరిగిందో పదేపదే తలుచుకుంటుంది. ఊళ్లో అప్పటికే లిచీ మీద పుకారు ఉంటే ఆమె జ్ఞాపకం అటే మొగ్గుతుంది. విరేచనాలతో వచ్చిన మరో బిడ్డ తల్లికి అంత లోతుగా తలుచుకోవాల్సిన అవసరం ఉండదు. పోలిక పిల్లల్ని ఆసుపత్రి నుంచే తీసుకోవడం వల్ల కూడా లెక్క కొంత వంకర పోవచ్చు. ఇవి నిజమైన లోపాలే. అందుకే ఇంటర్వ్యూ లెక్కను ఒంటరిగా నమ్మకూడదు. మూత్రానికి జ్ఞాపకశక్తి లేదు కాబట్టి ఈ కేసులో అది నిలబడింది. పోలిక నమూనాలు 15 మాత్రమే కావడం, రోగుల్లో మూడో వంతు మందికి ఆనవాళ్లు దొరక్కపోవడం అధ్యయనంలోని బలహీనతలు. నమూనా తీసేలోపే విషం విసర్జనమై ఉండవచ్చు, లేదా ఆ పిల్లల్లో కొందరిది వేరే జబ్బే కావచ్చు. ఇలాంటి వాదనలే అమెరికాలో రై సిండ్రోమ్ విషయంలో వచ్చాయి. 1963లో సిడ్నీ వైద్యుడు రై వర్ణించిన ఆ జబ్బులోనూ వైరల్ జ్వరం తర్వాత పిల్లలకు వాంతులు, అపస్మారకం, కాలేయంలో కొవ్వు చేరడం ఉంటాయి. జ్వరానికి ఆస్పిరిన్ ఇచ్చిన పిల్లల్లో అది ఎక్కువని 1980 ప్రాంతంలో పోలిక అధ్యయనాలు చెప్పాయి. జ్ఞాపకాల మీద ఆధారపడ్డ లెక్క అని ఆస్పిరిన్ తయారీదారులు కొట్టిపారేశారు. అయినా హెచ్చరికలు వెళ్లాయి. 1986లో సీసాల మీద హెచ్చరిక తప్పనిసరైంది. 1980లో 555 కేసులు నమోదైన దేశంలో 1987 నుంచి ఏడాదికి 36కు మించలేదు. ఆస్పిరిన్ ఆ కాలేయంలో ఏం చేసిందో పూర్తిగా తెలియక ముందే పిల్లలు బతికారు. కారణాన్ని తీసేస్తే జబ్బు తగ్గడం కన్నా గట్టి సాక్ష్యం ఈ శాస్త్రంలో తక్కువ.

మూడోది, ఇంకేదో కారణం ఉండవచ్చు కదా అన్నది. లిచీ కాలమంటే మండుటెండల కాలం కూడా, కాబట్టి వడదెబ్బే కారణమని కొందరు వైద్యులు చెప్పారు. వానలు పడగానే జబ్బు తగ్గడం దీనికి అనుకూలంగా కనిపిస్తుంది. కానీ వడదెబ్బ ఒంటిని కాల్చేస్తుంది, మధ్యాహ్నం కొడుతుంది. ఈ పిల్లల్లో చాలామందికి ఒళ్లు చల్లగా ఉండి, జబ్బు తెల్లవారుజామున వచ్చింది. పైగా ఎండలు ఇంతకంటే ఎక్కువ ఉండే విదర్భలోనో రాయలసీమలోనో ఈ జబ్బు లేదు. ఎండవల్ల పిల్లలు నీరసించి తిండి తగ్గించడం, ఒంట్లో నిల్వలు త్వరగా కరగడం నిజం కావచ్చు. అలాగైతే ఎండ కూడా ఇందులో ఒక చెయ్యి వేసినట్టే. పురుగుమందుల వాదనకు బంగ్లాదేశ్ నుంచి బలం వచ్చింది. 2012లో దినాజ్‌పుర్ జిల్లాలో లిచీ తోటల దగ్గరి పిల్లల్లో 14 మందికి ఇలాంటి జబ్బు వస్తే 13 మంది చనిపోయారు. అక్కడ పరిశోధకులు తోటల్లో చల్లే ఎండోసల్ఫాన్ వంటి మందుల్ని అనుమానించారు. వియత్నాంలోని బాక్ జ్యాంగ్ రాష్ట్రంలో లిచీ సాగు విస్తీర్ణానికీ, పిల్లల మెదడువాపు కేసులకూ సంబంధం ఉందని 2012లో చూపినవాళ్లు, పండ్లకు వచ్చే పక్షులో గబ్బిలాలో తెచ్చే గుర్తుతెలియని వైరస్‌ను ఊహించారు. మూడు దేశాల్లో మూడు బృందాలు ఒకే తోట ముందు నిలబడి మూడు కారణాలు చెప్పాయి. కాలమూ చోటూ కలిశాయన్న లెక్క ఎక్కడ వెతకాలో చెప్పగలదు, దొరికింది ఏమిటో చెప్పలేదు. ముజఫర్‌పుర్ పనిని మిగతా రెండింటి నుంచి వేరు చేసేది, పోలిక పిల్లలూ రసాయన ఆనవాళ్లూ ఒకే పిల్లల సమూహంలో కలిసి రావడం.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం 2019 జూన్. 2014 తర్వాత ఆరోగ్య సిబ్బంది ఊళ్లు తిరిగి రాత్రి అన్నం పెట్టకుండా పడుకోబెట్టొద్దనీ, పచ్చి లిచీలు తిననివ్వొద్దనీ చెప్పారు. ఆసుపత్రుల్లో వచ్చిన వెంటనే గ్లూకోజు పరీక్ష చేసి డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజు ద్రవం, ఎక్కించడం మొదలుపెట్టారు. కేసులు, మరణాలు బాగా తగ్గాయి. కానీ 2019లో బిహార్‌లో 150 మందికి పైగా పిల్లలు చనిపోయారు. లిచీ సిద్ధాంతం తప్పని అప్పుడు చాలామంది రాశారు. లిచీ తినే వయసే లేని పసికందులు కూడా ఆసుపత్రుల్లో ఉన్నారని చూపించారు. నా అంచనాలో ఆ ఏడాది జరిగినదాన్ని రెండు విధాలుగా విడగొట్టి చూడాలి. ఏఈఎస్ ఖాతాలో అన్నిరకాల జబ్బులూ పడతాయి కాబట్టి పండు తినని పసికందులకు వచ్చినదాన్ని ఆ ఖాతాలోంచి తీసి వేరే వెతకాలి. వాళ్ల ఉనికి మిగతా పిల్లల మూత్రంలో దొరికిన ఆనవాళ్లను చెరిపేయదు. ఇక మిగిలినవాళ్ల విషయంలో, సిద్ధాంతం చెప్పినదే జరిగింది. రాత్రి కడుపు నింపమన్న ప్రచారం ఎన్నికల వేసవిలో సడలింది. ఎండలు తీవ్రంగా ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రాత్రివేళ వైద్యుడు లేక, గ్లూకోజు కొలిచే చిన్న పరికరం లేక, తల్లిదండ్రులు గంటల కొద్దీ ప్రయాణం చేసి పట్నానికి చేరేసరికి ఆలస్యమైంది. చనిపోయిన పిల్లల్లో అత్యధికులు భూమి లేని దళిత, వెనుకబడిన కుటుంబాల బిడ్డలు. లిచీ ఒక్కటే దోషి అయితే తోట యజమానుల పిల్లలకూ రావాలి కదా. రాలేదంటే జబ్బును పూర్తిచేసే మిగతా సగం ఆ గుడిసెల్లో ఉంది.

ఈ సగాన్ని మరిచిపోవడం వల్ల జరిగిన నష్టాలు రెండు వైపులా ఉన్నాయి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన షాహీ లిచీ మరుసటి ఏడాదే పుకార్ల వల్ల బజారులో దెబ్బతింది. పండిన పండును భోజనం తర్వాత తినే కుటుంబానికి దానివల్ల భయం లేదని చెప్పాల్సినవాళ్లు గట్టిగా చెప్పలేదు. ఇంకోవైపు, పండు మీద నింద పడగానే పిల్లల ఆకలి గురించి మాట్లాడాల్సిన బాధ్యత తప్పిపోయినట్టు కొందరు ఊపిరి పీల్చుకున్నారు. ఆకలే అసలు కారణం, పండు సాకు మాత్రమే అని వాదించినవాళ్లు కూడా అదే పొరపాటు తిరగేసి చేశారు. ఆకలి బిహార్‌లో ఏడాది పొడవునా ఉంది, ఈ జబ్బు మాత్రం కొన్ని వారాలే ఉంటుంది. నివారణ దృష్టితో చూస్తే కారణాలు కలిసినప్పుడు ఏ ఒక్కదాన్ని తప్పించినా జబ్బు ఆగుతుంది. వాటిలో అన్నిటికన్నా తేలికగా తప్పించగలిగింది రాత్రి ఖాళీ కడుపు. తోటలు కొట్టేయక్కర్లేదు, బిడ్డ పడుకునే ముందు ఒక ముద్ద అన్నమో, రొట్టెముక్కో పెడితే చాలు. 2019 తర్వాత బిహార్ ప్రభుత్వం ఊళ్లలో ప్రచారం చేసిన మూడు మాటలు ఈ అవగాహన మీదే నిలబడ్డాయి. పడుకునే ముందు బిడ్డకు తినిపించు, తెల్లవారకముందే లేపి చూడు, తేడా కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. ఆశా కార్యకర్తలూ అంగన్‌వాడీ టీచర్లూ ఈ మాటల్ని ఇంటింటికీ మోశారు.

అంతుచిక్కని జబ్బు మళ్లీ ఎక్కడ వచ్చినా, శ్రీకాకుళం ఏజెన్సీలో గానీ ఆదిలాబాదులో గానీ, మొదటి వారంలో చేసే నమోదులోనే సగం పరిశోధన ఉంటుంది. ప్రతి బిడ్డకూ జబ్బు మొదలైన గంట, ఒంటి వేడి, వచ్చిన వెంటనే గ్లూకోజు ఎంత, ముందురోజు ఏం తిన్నాడు, రాత్రి తిన్నాడా లేదా, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అన్నవి రాయాలి. డెక్స్‌ట్రోజ్ ఎక్కించడాన్ని ఏ పరీక్ష కోసమూ ఆపకూడదు. అయితే మొదటి మూత్రాన్నీ కొద్దిపాటి రక్తాన్నీ శీతలీకరించి దాచాలి, ఎందుకంటే రెండో రోజుకు ఆనవాళ్లు మిగలకపోవచ్చు. రోగితో పాటు అదే వయసు, అదే ఊరు, జబ్బు పడని పిల్లల వివరాలు కూడా అదే వారం సేకరించాలి. నెల తర్వాత అడిగితే ఆ తల్లికి ఆ రాత్రి గుర్తుండదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గ్లూకోజు కొలిచే పరికరం, దానికి సరిపడా స్ట్రిప్స్, ఒక డెక్స్‌ట్రోజ్ సీసా, రాత్రి మెలకువగా ఉండే నర్సు ఉంటే కారణం ఏమిటో ఇంకా తేలకముందే ఆ బిడ్డల్లో కొందరు బతుకుతారు. 2013లో 44 శాతంగా ఉన్న మరణాలు 2014లో 31 శాతానికి దిగినప్పుడు లాన్సెట్ వ్యాసం ఇంకా రాయనే లేదు.